అమరుడు షోయబుల్లా ఖాన్

ప్రజాస్వామ్యంలో అధిక సంఖ్యాకులు, అల్ప సంఖ్యాకులు అనే మాటలు మనం తరచు వింటుంటాము. ఆ మాటల అంతరార్థాన్ని ప్రాణమర్పించి చాటిన తెలంగాణ బిడ్డ షోయబుల్లా ఖాన్. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచదలచాము.

ఖాన్ 1920 అక్టోబరు 17న నాటి వరంగల్లు జిల్లాలో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వేలో ఉద్యోగి. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన ఖాన్ సర్కారు కొలువును ఆశించక పత్రికా రచనను వరించారు. 'తేజ్'లోను, మందుముల నరసింగరావు గారి 'రయ్యత్'లోను పనిచేశారు. నిజాం ప్రభుత్వం 'రయ్యత్'ను మూయించగా, బూర్గుల రామకృష్ణారావు గారి ప్రోత్సాహంతో 1947 నవంబరులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రికను స్థాపించారు. ఇమ్రోజ్ అనగా నేడు అని అర్థం.

నాటి హైదరాబాదు సంస్థానంలో ప్రజలలో అత్యధికులు హిందువులు; వారి భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. ఏలిక ముస్లిము, రాజభాష ఉర్దూ. ప్రతి ముస్లిమూ పాలకుడేనని రజాకార్లు ప్రచారం చేశారు. నిజానికి పేద ముస్లిముకు దక్కినది పాలకుడనే పేరే గాని అన్నం కాదు. ఖాన్ ఆ భ్రమను ఖండించారు. ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలనీ, సంస్థానం భారతదేశంలో చేరాలనీ, ముస్లిములకు కూడా అదే క్షేమమనీ తనవారికి ఉర్దూలోనే బోధించారు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిము ప్రముఖులు విలీనాన్ని కోరుతూ చేసిన ప్రకటనను ధైర్యంగా ప్రచురించారు.

ఆగస్టు 21 రాత్రి, కార్యాలయం నుండి ఇంటికి వెళుతుండగా రజాకార్లు ఆయనను కాల్చి, రచన చేసిన చేతిని నరికారు. వెంటనున్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడా చేతిని కోల్పోయారు. తెల్లవారేలోగా షోయబుల్లా ఖాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ఇరవై యెనిమిదేళ్ళు నిండలేదు.

నెల తిరగకముందే, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయారు. అయితే ఆ తరువాత, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిములు వేలాదిగా హతులైనట్లు భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం నివేదించింది. ఖాన్ కోరినది ఇది కాదు. కొద్దిమంది పెత్తనం ఎంత అన్యాయమో ఎక్కువమంది ప్రతీకారమూ అంతే అన్యాయం. అందుకే 1950 నాటి రాజ్యాంగం ప్రతి వయోజనునికీ ఓటునిస్తూనే, 29, 30 అధికరణాల ద్వారా అల్ప సంఖ్యాకుల భాషకు, విద్యాలయాలకు రక్షణ కల్పించింది. మా కళాశాల వంటివి ఆ నీడలో వెలసినవే.

మన మందమర్రి గనులలోకి అన్ని మతాలవారూ కలిసే దిగుతారు. గని పైకప్పు ఎవరి సంఖ్య ఎంతని అడగదు. తనవారి తప్పును తనవారి ముందే చెప్పగల ధైర్యాన్ని మా విద్యార్థులు ఖాన్ నుండి నేర్వగలరని ఆశిస్తున్నాము.