జోసెఫ్ కిన్యూన్

జోసెఫ్ జేమ్స్ కిన్యూన్ (నవంబర్ 25, 1860 - ఫిబ్రవరి 14, 1919) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన వైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. నేడు ప్రపంచంలోని అతిపెద్ద వైద్య పరిశోధనా సంస్థలలో ఒకటైన అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్) మూలమైన ప్రయోగశాలను 1887లో స్థాపించినది ఇతడే. అయితే ఇతని పేరు చరిత్రలో ఎక్కువగా వినిపించేది 1900లో శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ప్రబలిన ప్లేగు సందర్భంలో. నగరంలో ప్లేగు ఉన్నదని ఇతడు శాస్త్రీయంగా నిర్ధారించగా, కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం ఆ వ్యాధి లేనే లేదని వాదించి, క్వారంటైన్ నిబంధనలను అడుగడుగునా అడ్డుకున్నది. ఆ వివాదంలో కిన్యూన్ తన పదవికి దూరమయ్యాడు.

బాల్యము, విద్యాభ్యాసము

కిన్యూన్ ఉత్తర కరోలినా రాష్ట్రంలోని ఈస్ట్ బెండ్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి జాన్ హెండ్రిక్స్ కిన్యూన్ వైద్యుడు. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన పిమ్మట వీరి కుటుంబం మిస్సోరీ రాష్ట్రానికి తరలివెళ్ళింది. కిన్యూన్ మొదట తండ్రి వద్దనే వైద్యవిద్యలో ప్రవేశం పొంది, తరువాత న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరి 1882లో పట్టా పుచ్చుకున్నాడు. లూయీ పాశ్చర్, రాబర్ట్ కాక్‌ల పరిశోధనల వలన అంటువ్యాధులకు సూక్ష్మజీవులే కారణమన్న సిద్ధాంతం ఐరోపాలో బలపడుతున్న రోజులవి. అమెరికాలో మాత్రం సూక్ష్మదర్శినిని రోగ నిర్ధారణకు ఉపయోగించే వైద్యులు అరుదు. కిన్యూన్ ఈ కొత్త శాస్త్రంపై ఆసక్తి పెంచుకుని బెల్‌వ్యూలోని కార్నెగీ ప్రయోగశాలలో శిక్షణ పొందాడు.

పరిశుభ్రతా ప్రయోగశాల

1886లో కిన్యూన్ మెరైన్ హాస్పిటల్ సర్వీస్ అనే ప్రభుత్వ వైద్యశాఖలో చేరాడు. ఓడ నావికుల వైద్యం కోసం ఏర్పడిన ఈ శాఖ క్రమంగా రేవులలో క్వారంటైన్ పనిని కూడా చేపట్టింది. 1887లో న్యూయార్కు రేవు సమీపాన గల స్టేటెన్ ఐలాండ్‌లోని నావికుల ఆసుపత్రిలో ఒకే ఒక గదిలో ఇతడు ప్రయోగశాలను నెలకొల్పాడు. అదే సంవత్సరం ఐరోపా నుండి వచ్చిన ఒక ఓడలోని ప్రయాణికులలో కలరా సూక్ష్మజీవిని గుర్తించి, దానిని సహోద్యోగులకు సూక్ష్మదర్శినిలో చూపించాడు. ఓడలలో వచ్చే రోగాన్ని లక్షణాలను బట్టి ఊహించడమే తప్ప, సూక్ష్మజీవిని చూసి తేల్చడం అప్పటివరకు అమెరికా రేవులలో ఆచరణలో లేదు.

1888లో కిన్యూన్ చిన్నారి కూతురు డిఫ్తీరియా (కంఠసర్పి) వ్యాధితో మరణించింది. ఆరేళ్ళ తరువాత, 1894లో, ఆ వ్యాధికి విరుగుడుగా గుర్రాల రక్తం నుండి సీరం తయారుచేసే పద్ధతి ఐరోపాలో వెల్లడి కాగా, కిన్యూన్ అక్కడకు వెళ్ళి దానిని నేర్చుకుని వచ్చి తన దేశంలో ప్రవేశపెట్టినవారిలో ఒకడయ్యాడు. 1891లోనే ఇతని ప్రయోగశాల రాజధాని వాషింగ్టన్‌కు తరలింది. అదే 1930లో జాతీయ ఆరోగ్య సంస్థగా మారింది.

ఏంజెల్ ఐలాండ్‌కు బదిలీ

1899లో శాఖాధిపతి, సర్జన్ జనరల్ వాల్టర్ వైమన్ కిన్యూన్‌ను శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ఐలాండ్ క్వారంటైన్ కేంద్రానికి అధికారిగా పంపాడు. పన్నెండేళ్ళు తాను పెంచిన ప్రయోగశాలను వదిలి, దేశానికి మరొక కొసన ఉన్న దీవికి పోవడం ఇతనికి రుచించలేదు.

అప్పటికి ప్లేగు ఆసియా రేవులను చుట్టుముట్టి ఉన్నది. 1894లో హాంకాంగ్‌లోను, 1896లో బొంబాయిలోను విజృంభించిన ఈ వ్యాధి ఓడల వెంట పసిఫిక్ మహాసముద్రాన్ని దాటుతున్నది. హవాయి దీవులలోని హొనలూలులో 1899 చివర ప్లేగు బయటపడింది. అక్కడి అధికారులు రోగుల ఇళ్ళను తగులబెట్టించగా, 1900 జనవరి 20న మంటలు అదుపు తప్పి చైనీయుల పేట చాలావరకు కాలిపోయింది. శాన్ ఫ్రాన్సిస్కో చైనీయులు ఆ తరువాత క్వారంటైన్ అధికారులను చూసి భయపడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

చైనాటౌన్‌లో ప్లేగు

1900 మార్చి 6న శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనాటౌన్‌లో గ్లోబ్ హోటల్ అనే వసతి గృహపు నేలమాళిగలో ఒక చైనా కూలీ మరణించాడు. శవం గజ్జలలో బిళ్ళలు కట్టి ఉండటం గమనించిన నగర వైద్యులకు అనుమానం కలిగింది. నగర సూక్ష్మజీవ శాస్త్రవేత్త విల్‌ఫ్రెడ్ కెలాగ్ బిళ్ళల రసంలో ప్లేగు బాసిల్లస్ వంటి జీవులను చూసి, నిర్ధారణ కోసం నమూనాను కిన్యూన్‌కు పంపాడు. కిన్యూన్ దానిని ఒక ఎలుకకు, రెండు గినీ పందులకు, ఒక కోతికి ఎక్కించాడు.

ఫలితం తేలడానికి కొన్ని రోజులు పడుతుంది. నగర ఆరోగ్య మండలి మాత్రం అంతవరకు ఆగలేదు. మార్చి 7 తెల్లవారుజామున పోలీసులు చైనాటౌన్ చుట్టూ తాళ్ళు కట్టి, లోపలివారిని కదలనివ్వలేదు. తెల్లవారిని మాత్రం బయటకు పోనిచ్చారు. వంటవారిగా, చాకలివారిగా, ఇంటి పనివారిగా నగరమంతటా పనిచేసే చైనీయులు ఒక్క రాత్రిలో బందీలయ్యారు. వ్యాపారుల నుండి, పత్రికల నుండి వచ్చిన ఒత్తిడికి లొంగి ఆరోగ్య మండలి మార్చి 9న ఈ దిగ్బంధాన్ని ఎత్తివేసింది. రెండు రోజులకే, మార్చి 11న, ఎలుక, గినీ పందులు చనిపోయాయి. 13న కోతి కూడా చనిపోయింది. రోగం ప్లేగేనని సందేహం లేకుండా రుజువైంది, కానీ అప్పటికే నగరంలోని పెద్ద పత్రికలు కోతి కథను హాస్యానికి వాడుకుంటున్నాయి.

రాష్ట్ర ప్రభుత్వ వ్యతిరేకత

నగర మేయరు జేమ్స్ ఫీలన్, నగర ఆరోగ్య మండలి కిన్యూన్ నిర్ధారణను అంగీకరించారు. ఫీలన్ చైనీయుల వలసలకు బద్ధ వ్యతిరేకి కావడం వలన అతని మద్దతు కిన్యూన్‌కు మేలు కన్నా కీడే ఎక్కువ చేసిందని చెప్పవచ్చు. అసలు ప్రతిఘటన రాష్ట్ర గవర్నరు హెన్రీ గేజ్ నుండి వచ్చింది. అమెరికాలో గవర్నరు ప్రజలచే ఎన్నుకోబడిన రాష్ట్ర ప్రభుత్వాధినేత, మన ముఖ్యమంత్రి వంటివాడు. ప్లేగు ఉన్నదని ఒప్పుకుంటే కాలిఫోర్నియా పండ్లను, సరుకులను ఇతర రాష్ట్రాలు కొనవని, ఓడలు రేవుకు రావని గేజ్, వర్తక సంఘాలు, రైల్వే కంపెనీలు భయపడ్డాయి. ఆ భయం నిరాధారం కాదు. టెక్సాస్ వంటి ప్రాంతాలు కాలిఫోర్నియా నుండి రాకపోకలపై ఆంక్షలు ప్రకటించాయి కూడా.

ఇందులో అధికారాల చిక్కు కూడా ఉన్నది. అమెరికాలో ప్రజారోగ్యం ప్రధానంగా రాష్ట్రాల, నగరాల చేతిలోని విషయం. కేంద్ర ప్రభుత్వానికి విదేశీ ఓడలపై అధికారం ఉన్నా, నగరంలోని ఒక వీధిని మూయించే అధికారం లేదు. 1890 నాటి ఒక చట్టం మాత్రం కలరా, పచ్చజ్వరం, మశూచి, ప్లేగు ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పాకకుండా నిబంధనలు విధించే అవకాశం ఇచ్చింది. 1900 మే నెలలో అధ్యక్షుడు విలియం మెకిన్లీ ఆమోదంతో వైమన్ ఈ చట్టాన్ని ప్రయోగించాడు. చైనీయులు, జపనీయులు హాఫ్కిన్ టీకా వేయించుకున్నట్లు ధ్రువపత్రం చూపనిదే నగరం విడిచి వెళ్ళరాదని కిన్యూన్ ఆదేశించాడు. వాల్డెమార్ హాఫ్కిన్ 1897లో బొంబాయిలో తయారుచేసిన ఈ టీకా తీవ్రమైన జ్వరం, వాపు కలిగించేది. చైనాటౌన్‌లో దానిపై పుకార్లు వ్యాపించి, జనం దుకాణాలు మూసి నిరసన తెలిపారు.

న్యాయస్థానాల తీర్పులు

వాంగ్ వై అనే వర్తకుడు ఈ ఆదేశంపై ఫెడరల్ కోర్టును ఆశ్రయించాడు. మే 28న న్యాయమూర్తి విలియం మారో టీకా నిబంధనను నిలిపివేశాడు. ప్లేగు జాతిని చూసి సోకదనీ, ఒకే నగరంలో నివసించే వారిలో ఆసియావారికి మాత్రమే నిబంధన విధించడం రాజ్యాంగపు పదునాలుగవ సవరణలోని సమాన రక్షణకు విరుద్ధమనీ ఈ తీర్పు సారాంశం. మరునాడే నగర ప్రభుత్వం చైనాటౌన్‌ను రెండవసారి దిగ్బంధించింది. ఈసారి కంచె కూడా వేశారు. సరిహద్దు గీత తెల్లవారి దుకాణాలు, చర్చిల దగ్గర వంకర తిరిగి, వాటిని బయట వదిలివేసేది. జూ హో అనే కిరాణా వ్యాపారి వేసిన దావాలో జూన్ 15న మారో దీనిని కూడా కొట్టివేశాడు. రోగి ఉన్న ఇంటిని వేరుచేయడం క్వారంటైన్ అవుతుంది కానీ, ఆరోగ్యవంతులను రోగులతో కలిపి వేల సంఖ్యలో ఒకేచోట బంధించడం వలన రోగం పెరుగుతుందే తప్ప తగ్గదని ఆయన అభిప్రాయపడ్డాడు. ప్రజారోగ్య చట్టాల చరిత్రలో ఈ తీర్పు నేటికీ ప్రస్తావించబడుతున్నది.

వైద్యదృష్ట్యా కూడా మారో మాటలో నిజమున్నది. ఎలుకల మీది ఫ్లీ అనే కీటకాల ద్వారా ప్లేగు వ్యాపిస్తుందని పాల్ లూయీ సీమాన్ 1898లో కరాచీలో చేసిన ప్రయోగాన్ని అప్పటికి చాలామంది నమ్మలేదు. చైనాటౌన్ చుట్టూ కట్టిన తాడు మనుషులను ఆపింది గాని, దాని కిందుగా పోయే ఎలుకలను ఆపలేదు.

కోర్టులో ఓడిన కిన్యూన్ వెనక్కి తగ్గక, ఒక పెద్ద తప్పటడుగు వేశాడు. జూన్ మధ్యలో కాలిఫోర్నియా నుండి బయటకు పోయే రైలు ప్రయాణికులందరూ, తెల్లవారితో సహా, ఆరోగ్య ధ్రువపత్రం చూపాలని ఆదేశించాడు. ఒక్క పేటకు సంబంధించిన విషయం మొత్తం రాష్ట్రానికి అవమానంగా మారింది. కొద్ది రోజులలోనే అధ్యక్షుడు ఆ ఆదేశాన్ని రద్దు చేయించాడు. కిన్యూన్‌పై కోర్టు ధిక్కారం కేసు నడిచి, జూలైలో కొట్టివేయబడింది. చైనీయులకు అతడు పీడకుడు, తెల్లవారికి ద్రోహి అయ్యాడు. శాస్త్రంలో అతనిది సరైన మాటే అయినా, చైనీయులను మనుషులుగా గాక రోగపు నిలయంగా చూసిన అతని ధోరణి, ఎదుటివారిని ఒప్పించే ఓపిక లేకపోవడం అతనికి మిత్రులనేవారు లేకుండా చేశాయి.

నిందలు, విచారణ సంఘం

1901 జనవరిలో గేజ్ రాష్ట్ర శాసనసభకు పంపిన సందేశంలో కిన్యూన్ ప్రయోగశాల నుండే ప్లేగు క్రిములు శవాలలోకి చేర్చబడి ఉండవచ్చునన్న అర్థం వచ్చేలా ఆరోపించాడు. ప్లేగు క్రిములను రాష్ట్రంలోకి తేవడాన్ని, ప్లేగు ఉన్నదని ప్రచురించడాన్ని తీవ్ర నేరాలుగా పరిగణించాలని ప్రతిపాదించాడు. ఇంత జరిగిన తరువాత కేంద్ర ప్రభుత్వం సైమన్ ఫ్లెక్స్‌నర్, ఫ్రెడరిక్ నోవి, లూయెలిస్ బార్కర్ అనే ముగ్గురు నిపుణుల సంఘాన్ని పంపింది. వారు చైనాటౌన్‌లో రోగులను, శవాలను పరీక్షించి, నగరంలో ప్లేగు ఉన్నదని ఫిబ్రవరిలో తేల్చారు. కిన్యూన్ చెప్పినది అక్షరాలా నిజమైంది.

అయినా నివేదిక వెంటనే వెలుగు చూడలేదు. గేజ్ పంపిన ప్రతినిధులు వాషింగ్టన్ వెళ్ళి వైమన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. నివేదికను ప్రకటించకుండా ఉంటే, రాష్ట్రం తన ఖర్చుతో చైనాటౌన్‌ను శుభ్రం చేయిస్తుంది. కిన్యూన్‌ను అక్కడినుండి తొలగించడం కూడా ఈ రాజీలో భాగమే. మార్చిలో శాక్రమెంటో బీ పత్రిక నివేదికలోని విషయాలను బయటపెట్టడంతో రహస్యం నిలువలేదు. కిన్యూన్‌ను ఆ వసంతంలో డెట్రాయిట్‌కు బదిలీ చేశారు. తన నిర్ధారణ రుజువైన తరువాత జరిగిన ఈ బదిలీని శిక్షగా భావించి, ఇతడు 1902లో ఉద్యోగానికి రాజీనామా చేశాడు.

అనంతర పరిణామాలు

కిన్యూన్ వెళ్ళిపోయినంత మాత్రాన ప్లేగు పోలేదు. 1902లో మేయరు పదవిలోకి వచ్చిన యూజీన్ ష్మిట్జ్ ప్లేగు మాట ఎత్తుతున్న ఆరోగ్య మండలి సభ్యులను తొలగించడానికి పూనుకున్నాడు. 1903 జనవరిలో ఇతర రాష్ట్రాల ఆరోగ్యాధికారులు వాషింగ్టన్‌లో సమావేశమై కాలిఫోర్నియా వైఖరిని ఖండించడంతో, మూడేళ్ళుగా దాచిన నష్టమే వర్తకులకు ఎదురయ్యేలా కనిపించింది. అదే నెలలో గేజ్ స్థానంలో గవర్నరు అయిన జార్జ్ పార్డీ స్వయంగా వైద్యుడు. అతడు కేంద్ర అధికారులతో సహకరించాడు. కిన్యూన్ తరువాతి కాలంలో అక్కడ పనిచేసిన రూపర్ట్ బ్లూ చైనాటౌన్‌లోనే కార్యాలయం తెరచి, చైనా దుభాషిని నియమించుకుని, ఎలుకలను పట్టించి, నేలమాళిగలను కాంక్రీటుతో మూయించాడు. 1904 ఫిబ్రవరితో ఈ అంటువ్యాధి ముగిసింది. నాలుగేళ్ళలో నగరంలో నమోదైన రోగులు 121 మంది. వారిలో బతికినవారు కొద్దిమందే, మృతులలో అత్యధికులు చైనీయులు. బ్లూ తరువాతి కాలంలో సర్జన్ జనరల్ పదవిని అందుకున్నాడు.

చివరి దశ

రాజీనామా తరువాత కిన్యూన్ పెన్సిల్వేనియాలోని హెచ్. కె. మల్‌ఫోర్డ్ ఔషధ కంపెనీలో టీకాలు, సీరంల తయారీ విభాగంలో పనిచేశాడు. పిమ్మట జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా, వాషింగ్టన్ నగర ఆరోగ్యశాఖలో సూక్ష్మజీవ శాస్త్రవేత్తగా ఉన్నాడు. 1909లో అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1915లో క్షయ క్రిములను గాజు పలకపై వేడి చేయనవసరం లేకుండా రంగు పట్టించే విధానాన్ని ప్రచురించాడు. ఇది కిన్యూన్ వర్ణక విధానం అనే పేరుతో ఇప్పటికీ ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో వైద్యాధికారిగా సేవచేసి, లింఫోమా వ్యాధితో 1919లో 58 ఏళ్ళ వయసులో వాషింగ్టన్‌లో మరణించాడు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1979 నుండి ఇతని పేరిట స్మారకోపన్యాసాలు ఏర్పాటు చేస్తున్నాయి.