30 డిగ్రీల ప్రొఫెసరు

ఫస్టియర్ షీటు మీద సెట్‌స్క్వేర్ ఆనించి 30 డిగ్రీల గీత గీయని వాళ్లు మనలో లేరు. ఆ గీత వెనక ఓ మనిషి ఉన్నాడు. పేరు విలియం ఫారిష్.

1759లో ఇంగ్లండ్ ఉత్తరాన కార్లైల్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివి 1778లో గణితంలో యూనివర్సిటీ ఫస్టు వచ్చాడు. తర్వాత చర్చిలో మతాచార్యుడు, 1794లో కెమిస్ట్రీ ప్రొఫెసరు, 1813 నుంచి జాక్సోనియన్ ప్రొఫెసరు. ఈ పదవులకన్నా నాకు ఆయన క్లాసే ముఖ్యం అనిపిస్తుంది.

బయట మిల్లులు, ఆవిరి యంత్రాలు దేశాన్నే మార్చేస్తున్న రోజులవి. యూనివర్సిటీలో మాత్రం యంత్రాల తయారీని ఒక సబ్జెక్టుగా ఎవరూ చెప్పేవారు కాదు. ఫారిష్ మొదలుపెట్టాడు, అదీ నడిచే మోడల్స్‌తో. ప్రతి యంత్రానికీ ఒక మోడల్ చేయించి దాచాలంటే చోటు చాలదు. అందుకని పళ్ల చక్రాలు, ఇరుసులు, కడ్డీలు, బిగింపులు ఒక సెట్టుగా చేయించుకున్నాడు. ఈ రోజు ఒక యంత్రం బిగించి చూపించడం, విప్పేయడం, అవే ముక్కలతో ఇంకో క్లాసుకి ఇంకో యంత్రం.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. బిగించాల్సింది సహాయకులు. ఏ ముక్క ఎక్కడ, ఎంత దూరంలో పెట్టాలో వాళ్లకి కాగితం మీద చెప్పాలి. తప్పుగా అర్థమైతే క్లాసు టైముకి యంత్రం నడవదు. మామూలు పర్‌స్పెక్టివ్ బొమ్మలో దూరంగా ఉన్నది చిన్నదైపోతుంది, స్కేలు పెట్టి కొలవలేం. ప్లాన్, ఎలివేషన్ ఇస్తే కొలతలు దొరుకుతాయి గానీ, రెండూ బుర్రలో కలిపి వస్తువుని చూడాలి. ఆ కష్టం మనకి వేరే చెప్పాలా!

ఫారిష్ దారి ఇది. ఒక క్యూబుని, దగ్గరి మూలా దానికి ఎదురుమూలా ఒకే చూపు వరసలోకి వచ్చేలా చూడండి. మూడు ముఖాలు సమానంగా కనిపిస్తాయి. మూడు అంచుల మధ్య 120 డిగ్రీలు. ఒక అంచుని నిలువుగా ఉంచితే మిగతా రెండూ అడ్డగీతకి 30 డిగ్రీల్లో పోతాయి. మనం గీసే 30 అదే. 100 మి.మీ. అంచు సుమారు 81.6 మి.మీ.గా కనిపిస్తుంది, మూడు వైపులా ఒకటే కుదింపు. కాబట్టి కుదించకుండా అసలు కొలతే వేసినా ఆకారం చెడదు, బొమ్మ కాస్త పెద్దదవుతుంది, అంతే. మనం ప్రొజెక్షన్ అనీ, వ్యూ అనీ వేరు చేసి మార్కులు పోగొట్టుకునేది ఈ తేడా దగ్గరే. ఇక ఏటవాలు గీతల్ని నేరుగా కొలవకూడదు, వాటి చివర్లని అక్షాల వెంట కొలిచి కలపాలి. చక్రాలేమో ఎలిప్సులవుతాయి.

ఇలాంటి బొమ్మలు అంతకుముందు కూడా గీసేవారు. కొలతకి పనికొచ్చే పద్ధతిగా రాసిపెట్టింది ఫారిష్. ఆ వ్యాసం 1822లో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. ఆ సొసైటీకి మొదటి అధ్యక్షుడూ ఆయనే. 1837లో పోయేదాకా జాక్సోనియన్ ప్రొఫెసరుగానే ఉన్నాడు.