వ్యాఖ్యాతృచక్రవర్తి కోలాచల మల్లినాథసూరి

రఘువంశమును చేతబట్టిన ప్రతి బాలునకు కాళిదాసుని పేరు తరువాత వినవచ్చు పేరు మల్లినాథునిది. శ్లోకము కంఠస్థమగును గాని అర్థము చేతికి చిక్కదు. అప్పుడు గురువు, మల్లినాథు డేమనెనో చూడుమనును. ఆరువందల యేండ్లుగా భారతదేశమున సంస్కృతకావ్యపఠనము సాగిన తీరిది. ఇట్టి మహనీయుడు తెలుగువాడగుట మనకు గర్వకారణమే. అయినను ఆయన జీవితమును గూర్చి మనకు తెలిసినది మిక్కిలి స్వల్పము.

కోలాచలము ఆయన యింటిపేరు. మెదకు సీమలోని నేటి కొల్చారమే ఆ గ్రామమని పండితులు నిర్ణయించిరి. కొండవీటి కుమారగిరిరెడ్డి (1386-1402) పేర వెలసిన వసంతరాజీయమను నాట్యశాస్త్రగ్రంథమును మల్లినాథుడు తన వ్యాఖ్యలో ప్రమాణముగా గ్రహించెను. కావున ఆయన వ్యాఖ్యారచన 14వ శతాబ్ది చివరకు ముందు జరిగియుండదు. ఆయన కుమారు లిద్దరును పండితులే. పెద్దవాడు పెద్దయార్యుడు. చిన్నవాడు కుమారస్వామి సోమపీథి; విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు రత్నాపణమను వ్యాఖ్య రచించినవా డితడే.

మల్లినాథుడు బాల్యమున మందబుద్ధియనియు, వాసనలేని మోదుగుపూవును చూచి మురిసి అత్తవారింట నవ్వులపాలయ్యెననియు, ఆ యవమానముతో గురుకులము చేరి, అన్నములో నేయికి మారుగా వేపనూనె వడ్డించినను గుర్తింపనంతగా చదువులో మునిగెననియు పాఠశాలలలో ఒక కథ కలదు. ఈ కథలో ఆయనకు పెద్దభట్టను పేరు కూడ పెట్టుదురు. కుమారుని పేరు తండ్రి కంటినట్లు తోచుచున్నది. కథ బాలురకు ఉత్సాహమిచ్చును, చరిత్రకు పనికిరాదు.

నిశ్చయముగా తెలిసినది ఆయన పాండిత్యము. వ్యాకరణము, న్యాయవైశేషికములు, మీమాంస, వేదాంతము ఆయనకు కరతలామలకములు. వరదరాజుని తార్కికరక్షకు నిష్కంటకమను వ్యాఖ్యను, విద్యాధరుని ఏకావళికి తరళమను వ్యాఖ్యను రచించెను. ఇట్టి శాస్త్రజ్ఞుడు తన శక్తిలో అధికభాగమును కావ్యములు చదువబోవు విద్యార్థికొరకు వెచ్చించుట ఆలోచింపదగిన విషయము.

ఆనాటి పఠితకు గల కష్టమును తలచుకొనవలెను. తాళపత్రమున పదమునకు పదమునకు నడుమ ఎడముండదు. సంధిచే పదము లొకదానిలో నొకటి కలిసిపోవును. ఛందస్సునకై కర్త ఒకచోట, క్రియ మరియొకచోట, విశేషణము లింకొకచోట పడును. సమాసము లెక్కడ విరుగునో తెలియదు. లేఖకుల ప్రమాదములు వీనికి తోడు. పూర్వవ్యాఖ్యలు కొన్ని ఈ చీకటిని మరింత చిక్కన చేసినవి. దుర్వ్యాఖ్యలనెడు విషముచే కాళిదాసుని వాక్కు మూర్ఛిల్లినదనియు, తన వ్యాఖ్య దానిని బ్రతికించుననియు మల్లినాథుడు చెప్పుకొనెను. అందుచేతనే రఘువంశ కుమారసంభవ మేఘసందేశ వ్యాఖ్యలకు సంజీవిని యను పేరు. అయినను దక్షిణావర్తనాథుడు మొదలగు పూర్వులు నడచిన బాటలోనే తనకును కొంత చోటు దొరకునని వినయముగా పలికెను.

ఆయన చేసికొన్న నియమములు మూడు. సర్వమును అన్వయమార్గముననే వివరించుట, ఆధారము లేనిది వ్రాయకుండుట, అక్కరలేనిది చెప్పకుండుట. క్రియను ముందు పట్టుకొని, ఎవడు, ఎట్టివాడు, దేనిని అని ప్రశ్నించుచు పోవుట ఖండాన్వయము. కర్తనుండి క్రియవరకు వచనక్రమమున తిన్నగా నడచుట దండాన్వయము. మల్లినాథుడు తరచుగా అవలంబించినది రెండవది. ఆయన వ్యాఖ్యలో మూలపదములను మాత్రము వరుసగా ఏరుకొన్నచో శ్లోకము వచనమై కూర్చుండును. ప్రతిపదము ప్రక్కను పర్యాయము, కావలసినచోట విగ్రహవాక్యము, సందేహము గలచోట పాణినిసూత్రము, అమరము గాని విశ్వము గాని వైజయంతి గాని ప్రమాణము, చివర అలంకారము. ప్రమాణము చూపుటవలన పఠిత వ్యాఖ్యాతను గ్రుడ్డిగా నమ్మవలసిన పని లేదు, తానే నిఘంటువు చూచుకొనవచ్చును. పదముల అర్థమును చెప్పి ముగించునప్పుడు ఇత్యర్థః అనియు, పదములలో లేక తాత్పర్యమున నున్న దానిని తెలుపునప్పుడు ఇతి భావః అనియు గురుతు పెట్టును. కవి చెప్పినది ఏది, స్ఫురింపజేసినది ఏది అను భేదము బాలునకు దీనిచే తెలియును.

రఘువంశము మొదటి శ్లోకమునే చూడుడు. పార్వతీపరమేశ్వరులను తలిదండ్రులని చెప్పుచో ఒక్క పితృశబ్దమే తల్లిని కూడ చెప్పుట ఏకశేషమని సూత్రముతో చూపును. పార్వతీపదము ముందుండుటకు తల్లి అధికపూజ్యురాలగుటయు, ఆ పదమున అక్షరములు తక్కువగుటయు కారణములని తెలుపును. విషయము రెండు ముక్కలలో ముగిసినది.

కిరాతార్జునీయమునకు ఘంటాపథము రచించుచు భారవి మాటలను నారికేళముతో పోల్చెను. పెంకు పగులగొట్టుట తన పని, సారము చవిచూచుట రసికుల పని. ఘంటాపథమనగా రాజమార్గము. 20 సర్గల మాఘమునకు సర్వంకషను, 22 సర్గల నైషధమునకు జీవాతువును, భట్టికావ్యమునకు సర్వపథీనమును కూర్చెను. వ్యాఖ్య మూలముకంటె కఠినమని నేటి విద్యార్థులు కొందరు మొరపెట్టుదురు. వారికి లోపించినది అమరము. మల్లినాథుడు అమరము వచ్చిన బాలుని ఉద్దేశించి వ్రాసెను.

ఇక ఆయన నియమము సడలిన చోటును చెప్పక తప్పదు. మేఘసందేశమున దిఙ్నాగులను నిచుళములను పేర్కొన్న శ్లోకమున మల్లినాథుడు రెండవ యర్థమొకటి చూపెను. దిఙ్నాగుడను బౌద్ధపండితుడు కాళిదాసునకు ప్రతిపక్షియట, నిచుళుడు మిత్రుడట. దక్షిణావర్తనాథుని వ్యాఖ్యలోను ఈ యర్థము కలదు. అంతకు పూర్వుడైన కాశ్మీర వల్లభదేవున కిది తెలియనే తెలియదు. ఆధునికులు దీనిని పట్టుకొని కాళిదాసుని కాలమునకై వాదములు పెంచిరి. ఆధారము లేనిది వ్రాయనన్న వ్యాఖ్యాత ఇచట ఆధారము చూపలేదు. పూర్వవ్యాఖ్యాతపై గౌరవమే ఇందుకు కారణమని నా యూహ. శ్లోకము ఆ రెండవ యర్థము లేకయే సుందరముగా అన్వయించును.

ముద్రణ వచ్చిన పిమ్మట నిర్ణయసాగరమువారు నాగరిలోను, వావిళ్లవారు తెలుగులిపిలోను ఈ కావ్యములలో కొన్నింటిని మల్లినాథుని వ్యాఖ్యతో అచ్చువేసిరి. ఆ ప్రతులలో పుటకు పైన రెండు మూడు శ్లోకములుండును. తక్కిన పుటయంతయు మల్లినాథునిదే.