పావులూరి మల్లన – చతురంగసంఖ్య

తెలుగున గణితగ్రంథకర్తలలో ఆద్యుడు పావులూరి మల్లన. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును ఈతడు పద్యరూపమున తెనిగించెను. రాజరాజనరేంద్రుడు (1022–1061) తూర్పుకనుమలకును సముద్రమునకును నడుమనున్న పీఠాపురప్రాంతమున నవఖండవాడను మల్లనకు అగ్రహారముగా నొసగెనని ప్రసిద్ధి. ఆ ప్రతిగ్రహీత ఈ కవియే యని కొందఱును, ఇతని పితామహుడని కొందఱును తలచిరి.

చదరంగపు 64 గడులలో ఒకటి మొదలుకొని రెట్టించుచు పోగా వచ్చు మొత్తము 18446744073709551615. ఇరువది అంకెల ఈ రాశిని మల్లన ఒక్క పద్యమున భూతసంఖ్యలతో నిబంధించెను. శరమనగా 5, శశి యనగా 1. అంకములు కుడినుండి యెడమకు నడచును. తాళపత్రలేఖకుడు ఒక్క పదము తప్పినను రాశి చెడును.

ఈ రాశి 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు అభాజ్యసంఖ్యల గుణకారఫలము. 4294967297 అను సంఖ్య 641చే నిశ్శేషముగా భాగింపబడునని 1732లో ఆయిలర్ చూపెను. ఆ భాగఫలమే 6700417. మల్లన రాశిలో ఏ యొక్క అంకము మాఱినను, అది 6700417చే నిశ్శేషముగా భాగింపబడదు. కావున శతాబ్దుల పిమ్మట వెలువడిన ఆ పెద్ద అభాజ్యసంఖ్య, పరిష్కర్తకు మల్లన పద్యపాఠమును పరీక్షించు ఒరగల్లు.