హాన్‌వెల్ బడి పిల్లవాడు చార్లీ చాప్లిన్

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, సావిత్రిబాయి వంటి మహనీయుల జీవితాలు రాసుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి ఒక సినిమా మనిషి జీవితం రాస్తామని మేము అన్నప్పుడు, చదువుకునే పిల్లల పుస్తకంలో సినిమావాళ్ళ గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. వాళ్ళకు మా జవాబు ఈ వ్యాసమే. ఏడేళ్ళ వయసులో ప్రభుత్వం నడిపే పేదపిల్లల బడిలో చేరి, అక్కడే తన పేరు రాయడం నేర్చుకున్న ఒక పిల్లవాడి కథ ఇది. ఆ పిల్లవాడే తరువాత ప్రపంచమంతా పేరు తెలిసిన చార్లీ చాప్లిన్ అయ్యాడు.

బాల్యం

చార్లీ 1889 ఏప్రిల్ 16న లండన్‌లో పుట్టాడు. తల్లి హన్నా, తండ్రి చార్లెస్ ఇద్దరూ మ్యూజిక్ హాల్ అనే వినోదశాలల్లో పాటలు పాడేవాళ్ళు. తండ్రి తాగుడుకు బానిసై ఇంటిని పట్టించుకోవడం మానేశాడు. చివరికి ఆ తాగుడే 1901లో అతని ప్రాణం తీసింది. తల్లికి గొంతు పాడై పాటల అవకాశాలు పోయాయి. మిషన్ మీద బట్టలు కుట్టి ఇద్దరు కొడుకులను సాకింది. వాయిదాలు కట్టలేకపోయేసరికి ఆ కుట్టుమిషన్ కూడా పట్టుకుపోయారు. చార్లీకి సిడ్నీ అనే అన్న ఉన్నాడు. తండ్రులు వేరైనా తల్లి ఒక్కరే. చార్లీకంటే నాలుగేళ్ళు పెద్దవాడు.

అంత లేమిలోనూ ఆ తల్లి కొడుక్కి ఒక విద్య నేర్పింది. కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళ నడకను, ముఖాన్ని చూసి, వాళ్ళు ఎలాంటివాళ్ళో, ఏ కష్టంలో ఉన్నారో అభినయించి చూపేది. మనుషులను చూడడం తాను అమ్మ దగ్గరే నేర్చుకున్నానని చాప్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

1896లో తల్లీ కొడుకులు ముగ్గురూ వర్క్‌హౌస్‌లో చేరవలసి వచ్చింది. వర్క్‌హౌస్ అంటే తిండీ నీడా లేని పేదలను చేర్చుకుని, వాళ్ళ చేత పని చేయించే ప్రభుత్వ ఆశ్రమం. గేటు దాటగానే తల్లిని ఆడవాళ్ళ వైపు, పిల్లలను పిల్లల వైపు పంపేవారు. ఒక ఇంట్లో బతికినవాళ్ళు ఆ రోజు నుంచి అనుమతి తీసుకుని ఒకరినొకరు చూసుకోవాలి.

హాన్‌వెల్‌లో చార్లీ

కొన్ని వారాలకే అన్నదమ్ములను లండన్‌కు దూరంగా ఉన్న హాన్‌వెల్ బడికి గుర్రపు బండిలో పంపించారు. పేద కుటుంబాల పిల్లల కోసం నడిపే పెద్ద వసతి బడి అది. కొన్నాళ్ళకు సిడ్నీని ఓడ పనులు నేర్పే శిక్షణ నౌకకు పంపేశారు. చార్లీ ఒక్కడే మిగిలాడు.

అక్కడ అతను పడినవి మనకు తెలియనివి కావు. తలకు తామర సోకితే గుండు గీసి, అయోడిన్ పూసి, మిగతా పిల్లలకు దూరంగా వేరే గదిలో ఉంచారు. తప్పు చేసిన పిల్లలను శుక్రవారం నాడు అందరి ముందు నిలబెట్టి కొట్టేవారు. ఒకసారి తాను చేయని తప్పుకు చార్లీ పేరు పిలిచారు. భయంతో, అయోమయంతో తానే చేశానని ఒప్పుకుని దెబ్బలు తిన్నాడు. పెద్దవాళ్ళు గద్దించి అడిగితే నోరు పెగలక తలూపడం ఎలా ఉంటుందో హాస్టల్లో ఉన్నవాళ్ళకు ఎవరూ వివరించనక్కర లేదు.

ఆ బడిలోనే అతనికి తన పేరు రాయడం వచ్చింది. చాప్లిన్ అనే అక్షరాలు పలక మీద చూసుకుని ఎంతో మురిసిపోయాడట. సుమారు ఏడాదిన్నర తరువాత, 1898 జనవరిలో అక్కడి నుంచి బయటపడ్డాడు.

కానీ ఆ ఏడాది మధ్యలోనే కుటుంబం మళ్ళీ వర్క్‌హౌస్‌కు చేరింది. ఆగస్టులో ఒక రోజు తల్లి, తామిక వెళ్ళిపోతామని చెప్పి, కాగితాల మీద సంతకాలు చేసి పిల్లలను బయటికి తీసుకొచ్చింది. ముగ్గురూ కెన్నింగ్టన్ పార్కుకు వెళ్ళారు. సిడ్నీ దగ్గరున్న చిల్లరతో చెర్రీ పళ్ళు కొనుక్కుని తిన్నారు. పాత పేపరు ఉండచుట్టి బంతిలా ఆడుకున్నారు. సాయంత్రం తిరిగి వర్క్‌హౌస్‌కే వెళ్ళి మళ్ళీ చేర్చుకోమని అడిగారు. ఆ తల్లికి కావలసింది పిల్లలతో ఒక్క పూట. తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చిన ఆదివారం మన హాస్టల్ చెట్టు కింద గడిచే ఆ రెండు గంటల విలువ తెలిసినవాళ్ళం కాబట్టి, చాప్లిన్ జీవితంలో మాకు అన్నిటికంటే గుర్తుండిపోయిన సంఘటన ఇదే.

తరువాత తల్లికి మతి చలించింది. 1903లో రెండోసారి జబ్బు తిరగబెట్టినప్పుడు ఇంట్లో ఉన్నది చార్లీ ఒక్కడే. 14 ఏళ్ళ పిల్లవాడు తల్లిని నడిపించుకుంటూ ఆసుపత్రిలో చేర్చి, ఖాళీ గదికి తిరిగి వచ్చాడు.

అన్న చదివి వినిపిస్తే తమ్ముడు నేర్చుకున్నాడు

అప్పటికే చార్లీ పిల్లల నృత్య బృందంలో తిరిగి రంగస్థలం రుచి చూసి ఉన్నాడు. 1903లో ఒక నాటక సంస్థ షెర్లాక్ హోమ్స్ నాటకంలో పనికుర్రాడి పాత్ర ఇచ్చింది. ముందుగా వేరే నాటకంలో ఒక వేషం వేయమని కాగితాలు చేతిలో పెట్టింది. అవి అక్కడికక్కడే చదవమంటారేమోనని అతను వణికిపోయాడు. కారణం, అతనికి సరిగ్గా చదవడం రాదు. ఇంటికి వచ్చాక సిడ్నీ ఆ మాటలు చదివి వినిపిస్తే మూడు రోజుల్లో మొత్తం కంఠస్థం చేశాడు. ఆ అన్న లేకపోతే చాప్లిన్ లేడు. రాత్రి స్టడీ అవర్‌లో తమ్ముళ్ళకు పాఠం చెప్పే ప్రతి సీనియర్ ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

1908లో ఫ్రెడ్ కార్నో హాస్య నాటక బృందంలో చేరాడు. ఆ బృందంతో అమెరికా వెళ్ళి, 1913 చివరలో వారానికి 150 డాలర్ల జీతంతో కీస్టోన్ సినిమా కంపెనీలో అడుగుపెట్టాడు. మూడేళ్ళు తిరగకముందే, 1916లో మరో కంపెనీ అతనికి వారానికి 10,000 డాలర్లు ఇచ్చింది. 1919లో మరో ముగ్గురితో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను స్థాపించి తన సినిమాలకు తానే యజమాని అయ్యాడు.

కొలత కుదరని బట్టలు

1914లో చాప్లిన్ ఆ ప్రసిద్ధ వేషం కట్టాడు. వదులు ప్యాంటు, బిగుతు కోటు, పెద్ద బూట్లు, చిన్న టోపీ, బుల్లి మీసం, చేతిలో కర్ర. ఏదీ ఒంటికి సరిపోదు. కొలతలు తీయకుండా కుట్టిన యూనిఫాం తొడుక్కుని బడికి వెళ్ళినవాళ్ళకు ఆ వేషం చూడగానే నవ్వు వస్తుంది, ఆ వెంటనే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆ దేశదిమ్మరికి ఇల్లు లేదు, జేబులో పైసా లేదు. అయినా టోపీ ఎత్తి అందరికీ మర్యాదగా నమస్కారం చేస్తాడు. బట్టలు చిరిగినంత మాత్రాన మనిషి మర్యాద చిరిగిపోదని మాట లేకుండా చెప్తాడు.

మేము చూసిన సినిమాలు

సెలవు రోజుల్లో మేము కొందరం కలిసి చాప్లిన్ సినిమాలు చూస్తున్నాం. చూశాక గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటాం. మూకీ సినిమాలకు భాష అడ్డం రాదు. మధ్య మధ్య తెర మీద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను ఒకరు చదివి తెలుగులో చెప్తే, ఐదో తరగతి తమ్ముడు కూడా మాతో సమానంగా చర్చలో దిగుతాడు.

ఎక్కువ మందికి ఇష్టమైనది 1921లో వచ్చిన 'ది కిడ్'. 1919 జూలైలో చాప్లిన్ మొదటి బిడ్డ పుట్టిన మూడు రోజులకే చనిపోయాడు. ఆ దుఃఖం ఆరకముందే ఈ సినిమా పని మొదలైంది. దేశదిమ్మరికి వీధిలో ఒక పసిబిడ్డ దొరుకుతాడు. కాఫీ పాత్రకు పాలపీక తగిలించి పాలు పడతాడు. దుప్పటికి చిల్లు పెట్టి అంగీలా తొడుక్కుంటాడు. పిల్లవాడు పెద్దయ్యాక అనాథాశ్రమం వాళ్ళు వచ్చి బండిలో ఎక్కించుకుపోతారు. పిల్లవాడు చేతులు చాచి ఏడుస్తాడు. తండ్రి ఇళ్ళ కప్పుల మీదుగా పరుగెత్తి బండిలోకి దూకి బిడ్డను దక్కించుకుంటాడు. హాన్‌వెల్ బండిలో వెళ్ళిన ఏడేళ్ళ చార్లీ కోసం అలా ఎవరూ పరుగెత్తి రాలేదు. నిజంలో జరగనిదాన్ని సినిమాలో జరిపించాడని మా అందరి అభిప్రాయం.

'సిటీ లైట్స్' (1931) దగ్గర మాత్రం మాకు పెద్ద వాదమే జరిగింది. అప్పటికి మాటల సినిమాలు వచ్చి మూడేళ్ళు దాటింది. అయినా చాప్లిన్ తన దేశదిమ్మరి చేత మాట్లాడించలేదు. గుడ్డి పూలమ్మాయి అతన్ని ధనవంతుడని పొరబడే చిన్న సన్నివేశాన్ని కుదిరేవరకు 300 సార్లకు పైగా తీశాడు. చివర్లో చూపు వచ్చిన ఆ అమ్మాయి అతని చేతిని తాకి, తనకు సాయం చేసినవాడు ఈ బిచ్చగాడేనని గుర్తుపడుతుంది. సినిమా అక్కడితో ఆగిపోతుంది. ఆమె అతన్ని ఆదరిస్తుందని సగం మంది, ఆమె ముఖంలో నిరాశ ఉందని సగం మంది రాత్రి లైట్లు ఆర్పేవరకు వాదించుకున్నాం. ఇప్పటికీ తేలలేదు.

1931 సెప్టెంబర్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన గాంధీజీని చాప్లిన్ లండన్‌లో పేదలుండే కానింగ్ టౌన్‌లో కలుసుకున్నాడు. మన హైదరాబాద్‌కు చెందిన సరోజినీ నాయుడు కూడా అక్కడ ఉన్నారు. యంత్రాలను ఎందుకు వ్యతిరేకిస్తున్నారని చాప్లిన్ గాంధీజీని అడిగాడు. ఇంగ్లండు యంత్రాల బట్ట మీద ఆధారపడడమే భారతీయులను బానిసలను చేసిందని గాంధీజీ వివరించారు. ఐదేళ్ళకు, 1936లో 'మోడరన్ టైమ్స్' వచ్చింది. అందులో నట్లు బిగించీ బిగించీ కార్మికుడికి పిచ్చెక్కుతుంది. కంపెనీలో షిఫ్టుల పని చేసే నాన్నలున్న మిత్రులు ఆ సన్నివేశానికి మిగతావాళ్ళలా నవ్వలేదు.

1940లో 'ది గ్రేట్ డిక్టేటర్' తీసి హిట్లర్‌ను వెక్కిరించాడు. వాళ్ళిద్దరూ నాలుగు రోజుల తేడాతో పుట్టినవాళ్ళు.

లోపాలూ, చివరి రోజులూ

గొప్పవాళ్ళ తప్పులు దాచడం మాకు ఇష్టం లేదు. చాప్లిన్ మొదటి రెండు పెళ్ళిళ్ళలోనూ వధువు వయసు 16 ఏళ్ళే. రెండూ విడాకులతో ముగిశాయి. పదో తరగతి కాగానే చెల్లెళ్ళకు పెళ్ళి చేసి చదువు మాన్పించే ఊళ్ళ నుంచి వచ్చిన మేము దీన్ని చిన్న విషయంగా చూడలేం.

1952లో 'లైమ్‌లైట్' విడుదల కోసం లండన్‌కు ఓడలో వెళ్తుండగా, కమ్యూనిస్టు సానుభూతిపరుడన్న అనుమానంతో అమెరికా ప్రభుత్వం ఆయన తిరిగి వచ్చే అనుమతిని రద్దు చేసింది. 1953 నుంచి స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డాడు. 20 ఏళ్ళ తరువాత, 1972లో అదే అమెరికా పిలిచి గౌరవ ఆస్కార్ ఇచ్చింది. సభలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి చాలా నిమిషాలపాటు చప్పట్లు కొట్టారు. 1975లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. 1977 డిసెంబర్ 25న, క్రిస్మస్ నాడు, 88 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

మన అన్నలకు ఒక మాట

ఒక సంగతి చివరికి చెప్పాలని ఆపి ఉంచాం. 1931లో లండన్ వచ్చినప్పుడు చాప్లిన్ తాను చదివిన హాన్‌వెల్ బడికి వెళ్ళాడు. పిల్లలు భోజనాల హాలులో సంతోషంతో కేకలు వేశారు. ఆయన తన దేశదిమ్మరి నడక నడిచి చూపించాడు. మళ్ళీ వస్తానని మాట ఇచ్చాడు. అన్నట్టే పిల్లలకు సినిమా ప్రొజెక్టర్, కానుకలు వచ్చాయి. ఆయన మాత్రం రాలేదు. ఎదురుచూసిన పిల్లలు చిన్నబుచ్చుకున్నారు.

ఎందుకు వెళ్ళలేదని మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. తీరిక లేక కావచ్చునని కొందరన్నారు. పాత గోడల మధ్య రెండోసారి నిలబడడం కష్టమై ఉంటుందని కొందరన్నారు. ఒకటి మాత్రం నిజం. తాను వర్క్‌హౌస్ పిల్లవాడినని ఆయన ఎక్కడా దాచలేదు. 1964లో వచ్చిన ఆత్మకథలో గుండు, తామర, దెబ్బలు, చెర్రీ పళ్ళు అన్నీ రాశాడు.

మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో స్థిరపడిన అన్నలు ఎందరో ఉన్నారు. ఫ్యాన్లు, పుస్తకాలు, ప్లేట్లు పంపినవాళ్ళకు మా కృతజ్ఞతలు. కొత్త ఊళ్ళో, కొత్త చుట్టాల మధ్య హాస్టల్లో చదివానని చెప్పుకోలేక ఊరుకున్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళ ఇబ్బంది మాకు అర్థమవుతుంది. బస్సులో ఎవరైనా ఏ బడి అని అడిగితే మేమూ కొన్నిసార్లు పేరు మింగేస్తాం.

అందుకే అన్నలారా, కానుకలతో పాటు మీరూ రండి. ఈ వార్షికోత్సవం మరుసటి ఆదివారం సాయంత్రం మన భోజనాల హాలులో గోడకు తెల్లదుప్పటి కట్టి 'ది కిడ్' వేస్తున్నాం. కుర్చీలు లేవు. మా పక్కన నేల మీద కూర్చుని చూసి, చివర్లో మీకేమనిపించిందో మా తమ్ముళ్ళకు చెప్పండి.