రహీము సాహెబు

దక్కను పీఠభూమి దక్షిణ భాగమున అనంతపురము మెట్టప్రాంతము కలదు. అచట ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ పీకిన పిమ్మట ఆ నేల ఎండకు రాయివలె గట్టిపడును. పాఠశాలల ఆటస్థలములందు పచ్చిక నిలువదు. అట్టి నేలపై బంతి వేగముగా దొర్లును, ఎత్తుగా ఎగురును. పడినవాని మోకాలి చర్మము లేచిపోవును. మొదటిసారి ఆటకు వచ్చిన బక్కపలుచని బాలుడు గీతకు ఆవలనే నిలిచి చూచుచుండుట వింత కాదు. జట్టులు పంచుకొను పెద్దపిల్లలు కండగలవారిని ముందు పిలుతురు. చిన్నవాడు చివరకు మిగులును. వానిని ఏ మూలనో నిలుపుదురు. లేదా ముండ్లపొదలలోనికి పోయిన బంతిని తెచ్చుటకు నియోగింతురు.

అదే పీఠభూమిపై, అనంతపురమునకు ఉత్తరముగా నున్న హైదరాబాదు నగరమున, ఒక ఉపాధ్యాయుడు ఈ అలవాటునకు విరుగుడు కనిపెట్టెను. ఆటను కండబలము చేతినుండి తప్పించి, కాలి నేర్పునకును బుద్ధి చురుకుదనమునకును అప్పగింపవలెనని ఆయన యత్నము. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. నగరమున పిన్నలు పెద్దలు ఆయనను రహీము సాహెబు అని పిలిచెడివారు.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు, ఆ విద్యాలయపు ఫుట్‌బాలు జట్టులో ఆడి పేరు గడించెను. పట్టము పొందిన పిమ్మట కాచిగూడ మాధ్యమిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. తరువాత ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలయందు పనిచేసెను. పని చేయుచునే వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, పిల్లల ఆటపాటల బాధ్యతను తానే వహించెను.

పాఠశాలలలో డ్రిల్లు మాస్టరును పాఠము చెప్పువారికంటె ఒక మెట్టు తక్కువగా ఎంచు దురభ్యాసము ఆనాడు కలదు. నేటికిని అది పూర్తిగా తొలగిపోలేదు. పట్టభద్రుడైన రహీమునకు ఏ పాఠ్యవిషయమునైనను బోధించుకొనుచు కుర్చీలో కూర్చుండుటకు వీలుండెను. ఆయన కోరి ఎండలోనికి వచ్చెను. తరగతిలో ఉపాధ్యాయుడు వెనుక బల్లలవారిని విడిచి ముందు వరుసవారికే పాఠము చెప్పినచో అది బోధన యనిపించుకొనదు. ఆటస్థలమునకు మాత్రము ఈ న్యాయము ఏల వర్తింపరాదు?

మన దేశమునకు ఫుట్‌బాలు ఆట ఆంగ్లేయుల వెంట వచ్చినది. సికింద్రాబాదు దండులో తెల్లసైనికుల పటాలములు ఆడుచుండగా చూచి నగరపు పిల్లలు నేర్చుకొనిరి. బంతిని ఎత్తుగాను దూరముగాను తన్నుట, అది దిగునప్పుడు దానికొరకు భుజమునకు భుజము తగిలించి తోయుట యందు దిట్టమైన దేహముల వారికే లాభము కలదు. భుజముతో తోయుట నియమములకు విరుద్ధమును కాదు. మన బాలురు ఆ దేహములతో తూగలేరు. బూట్లు లేక వట్టి కాళ్ళతో ఆడువారే పెక్కుమంది. ఇట్టి పోటీలో పొట్టివానికి ధైర్యము చెప్పినంత మాత్రమున ఫలము లేదు. భయపడవద్దని చెప్పి ఏనుగు ముందు నిలిపినచో కుందేలు చచ్చును గాని గెలువదు.

రహీము ధైర్యవచనములతో సరిపెట్టక ఆట తీరునే మార్చెను. బంతిని ఎత్తక నేలపైననే నడుపవలెను. దూరముగా తన్నక దగ్గరివానికి అందింపవలెను. అందించినవాడు నిలువక, మరల అందుకొనుటకు ఖాళీచోటికి పరుగెత్తవలెను. బంతి పరుగునకు సమానమైన పరుగు ఏ మనిషికిని లేదు. కనుక బంతిని క్షణమాత్రము కాలికడ నుంచి విడిచిన బాలుని, ఎదుటి పెద్దదేహము వచ్చి తాకునప్పటికి, బంతి అచట నుండదు. తాకిడికి భయపడువానికి ఇంతకంటె మంచి కవచము వేరేమి కలదు?

ఈ విద్య అలవడుటకై ఆయన రెండు విధముల వింత పోటీలను నడిపెను. మొదటి దానిలో బంతిని కాలితో తోలుకొని పోవుట నిషిద్ధము. బంతి తగిలిన వెంటనే మరియొకనికి అందింపవలసినదే. సాధారణముగా బంతి దొరికిన పెద్దపిల్లవాడు దానిని తనదిగా నెంచి, అడ్డమైన వారినెల్ల త్రోసికొని పోవును. చిన్నవాడు ఆటయంతయు పరుగెత్తి బంతిని ఒక్కమారైనను ముట్టకయే ఇంటికి పోవును. ఈ నియమముతో పెద్దవాడు బంతిని విడువక తప్పదు. చిన్నవాని వంతు తప్పక వచ్చును. వాడు అందించిన బంతి సరియైన చోటికి చేరినచో, మరునాడు వానిని పేరుపెట్టి పిలుతురు.

రెండవ పోటీలో, తన్నుటకు అలవాటు లేని కాలినే వాడవలెను. కుడికాలివాటము గలవాడు ఎడమకాలితోను, ఎడమకాలివాటము గలవాడు కుడికాలితోను ఆడవలెను. బలముగా తన్నగలనని విఱ్ఱవీగువాడు కూడ ఇచట తప్పటడుగులు వేయు పసివాడే యగును. అందరును ఒకే మెట్టుపై నిలిచి, మొదటినుండి నేర్చుకొందురు. చిన్నవానికి దీనివలన రెట్టింపు లాభము కలదు. రెండుకాళ్ళను సమముగా వాడగలవాడు ఎటు తిరుగునో ఎదుటివానికి తెలియదు. ఈ రెండు పోటీలకును ధనమక్కరలేదు. ఒక బంతియు, నియమము తప్పినవానిని మొగమోటము లేక ఆపు ఉపాధ్యాయుడును ఉన్న చాలును.

సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడ యను గ్రామము కలదు. 1936వ సంవత్సరమున అచట ఒక బీద తమిళ కుటుంబమున తులసీదాస్ బలరాము జన్మించెను. వానికి ఆటయన్న ప్రాణము. బూట్లు కొనుటకు మాత్రము ఇంట శక్తి లేదు. యౌవనారంభమున వాని ఆట రహీము కంటబడెను. నగరమునకు వచ్చి అభ్యాసము చేయుమని ఆయన పిలిచెను. గ్రామమునుండి నగరము చాల మైళ్ళ దూరము. సైకిలును అద్దెకు తీసికొనుటకు తనకడ డబ్బు లేదని బలరాము విన్నవించెను. రహీము ఆ అద్దె తానే యిచ్చెను. ప్రతిభ గల పిల్లవానిని మెచ్చుకొనువారు పెక్కుమంది యుందురు. వాడు అభ్యాసమునకు ఏల రాలేకున్నాడో అడిగి తెలిసికొని, ఆ చిన్న అడ్డంకిని తొలగించువారు అరుదు. 1956వ సంవత్సరమునకు బలరాము హైదరాబాదు జట్టులోను, భారత జట్టులోను చోటు సంపాదించెను.

ఇంతలో రహీము కీర్తి పాఠశాలల గోడలు దాటెను. 1940వ దశకమునుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండి తుదివరకు ఆ పదవిని నిర్వహించెను. ఆయన తీర్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్సు కప్పును గెలిచెను. 1951వ సంవత్సరమున ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణ పొందిన భారత జట్టు ఇరాను జట్టును 1-0 గోలు తేడాతో ఓడించి స్వర్ణపతకము నందెను.

అయితే ఆయన బ్రతుకున పెద్ద దెబ్బ మరుసటి యేడే తగిలెను. 1952 హెల్సింకి ఒలింపిక్సులో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 గోలులతో ఓడెను. ఆ చలిలో, తడినేలపై, మనవారిలో కొందరు వట్టి కాళ్ళతోనే ఆడిరి. అంతటి ఓటమి తరువాత మనవారి దేహములే ఇంత యని సరిపెట్టుకొనుట తేలిక. రహీము అట్లు సరిపెట్టుకొనలేదు. ఆ యొలింపిక్సున స్వర్ణపతకము గెలిచిన హంగేరీ జట్టు ఆటను ఆయన శ్రద్ధగా గమనించెను. ఆ జట్టు నాయకుడు పుష్కాషు పొడగరి కాడు; పొట్టిగా, కొంచెము బొద్దుగా నుండువాడు. అయినను వారి బంతి చకచక చేతులు మారినట్లు కాళ్ళు మారుచుండెను. తన త్రోవ తప్పు కాదని, దానిలో ఇంకను దూరము పోవలసియున్నదని రహీము గ్రహించెను. ఆ పిమ్మట మన దేశమున పెద్ద పోటీలకు బూట్లు తప్పనిసరి యయ్యెను.

నాలుగేండ్ల తరువాత 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సు జరిగెను. డిసెంబరు 1వ తేదీన భారత జట్టు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియా జట్టునే ఎదుర్కొనెను. ఎదుటివారు దేహదార్ఢ్యమున మిన్నలు, నేల వారిది, ప్రేక్షకులు వారివారు. మన జట్టు 4-2 గోలులతో గెలిచెను. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో ఆసియా ఖండపు జట్టు సెమీఫైనలు చేరుట అదియే ప్రథమము. అచట యుగోస్లావియా చేతిలోను, కాంస్యపతకపు పోటీలో బల్గేరియా చేతిలోను ఓడి, మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను.

అదే క్రీడోత్సవమున ఆస్ట్రేలియా దేశీయుల సొంత ఆటయొకటి ప్రదర్శనముగా ఆడబడెను. దానిని ఆస్ట్రేలియా ఫుట్‌బాలు అందురు. అందు బంతి గుండ్రముగా నుండక కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. జట్టునకు 18 మంది. చేతులతో పట్టుటకును అనుమతి కలదు. ఆకాశమున కెగసిన బంతిని ఒకరి భుజములపైనుండి యొకరు ఎగిరి పట్టుదురు. చూచుటకు అది పొడగరుల ఆటయే. అయినను అందును రోవరు అను స్థానము చిరకాలము పొట్టివారి సొత్తుగా నుండెను. పొడగరుల కాళ్ళనడుమ పడిన బంతిని చటుక్కున అందుకొని పరుగెత్తుట వాని పని. ఏ ఆటలోనైనను నేలమీది బంతికి దగ్గరగా నుండువాడు పొట్టివాడే కదా!

1960లో రోము ఒలింపిక్సునందు మన జట్టు హంగేరీతో 1-2 గోలులతో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమముగా నిలిచెను. హంగేరీపై ఆ ఒక్క గోలు చేసినవాడు బలరాము.

1962 నాటికి రహీము దేహమున క్యాన్సరు వ్యాధి ప్రవేశించి యుండెను. ఆ స్థితిలోనే ఆయన జట్టును వెంటబెట్టుకొని జకార్తాలోని ఆసియా క్రీడలకు పోయెను. మొదటి ఆటలో దక్షిణ కొరియా మనలను 2-0 గోలులతో ఓడించెను. పిమ్మట థాయిలాండు, జపాను, దక్షిణ వియత్నాము జట్టులను గెలిచి మనవారు తుదిపోటీకి చేరిరి. ఎదుట నిలిచినది మరల ఆ కొరియాయే. రాజకీయ కారణములచే ఆ నగరపు జనులు భారతీయులపై కోపించి యుండిరి. దాదాపు లక్షమంది నిండిన క్రీడారంగమున మనవారికి ఎగతాళి కేకలే స్వాగతమయ్యెను. ఆటకు ముందు రహీము తన ఆటగాండ్రను చేరబిలిచి, తనకు స్వర్ణపతకమును కానుకగా నీయుడని అడిగెనని వారు పిదప చెప్పుకొనిరి.

ఆనాడు ఆయన చేసిన యొక ఏర్పాటు గమనింపదగినది. జర్నైల్ సింగు రక్షణ వరుసలో ఆడు బలశాలి. థాయిలాండుతో జరిగిన ఆటలో తలకు గాయమై కుట్లు పడియున్నందున, రహీము అతనిని ముందువరుసకు మార్చెను. రహీము చిన్నదేహమును చేరదీసెనే గాని పెద్దదేహమును తృణీకరింపలేదు. ఎవనికి ఎచట పని కలదో అచట నిలుపుటయే ఆయన నేర్పు. పి. కె. బెనర్జీ ఒక గోలును, తలకట్టుతోనే యున్న జర్నైల్ సింగు మరియొక గోలును చేసిరి. 2-1 గోలులతో గెలిచి మనవారు గురువు అడిగిన కానుకను తెచ్చి యిచ్చిరి. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన ఆ పోటీలో ముందువరుసలో ఆడినవారిలో బలరాము కూడ ఉండెను.

తొమ్మిది నెలలు గడిచిన పిమ్మట, 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన రహీము మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. ఆ తరువాత ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలు జట్టు స్వర్ణపతకమును గెలువలేదు. 2024వ సంవత్సరమున ఆయన జీవితమును ఆధారముగా గొని మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడెను.

అర్జున పురస్కారము పొందిన బలరాము ఊపిరితిత్తుల పొర వ్యాధివలన చిన్నవయస్సుననే ఆట మానవలసి వచ్చెను. పశ్చిమ బెంగాలునందు స్థిరపడి, 2023వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన మృతినొందెను. ముదిమిలో తన్ను చూడవచ్చిన వారికి పతకములతోపాటు ఆనాటి సైకిలు అద్దె సంగతి కూడ ఆయన చెప్పుచుండెడివాడు.