దసరా దావత్‌లో కల్లు ముంత.. ఆ కల్లు దగ్గరే దొరికిపోయిన సర్దార్ సర్వాయి పాపన్న కథ

దసరా వచ్చిందంటే తెలంగాణ పల్లెల్లో యాటకూర ఉడకాల్సిందే. పొద్దున పాలపిట్టను చూసుడు, సాయంత్రం జమ్మి ఆకు పంచుకునుడు.. ఈ రెండింటి మధ్య దావత్. ఆ దావత్‌లో మటన్ పక్కన తాగడానికి ఏం పెట్టాలన్నది ఉత్తర తెలంగాణలో ఎన్నడో తేలిపోయిన ముచ్చట. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దేవుడి పండుగకు ఇప్పసారా, కరీంనగర్ దిక్కు చెట్టు కల్లు.

కల్లుకూ ఓ లెక్క ఉంది. ఈత చలికాలపు చెట్టు, తాడు ఎండాకాలపు చెట్టు. తెల్లారి దించిన కల్లు తియ్యగా ఉంటుంది, గుడాలతోనో సర్వపిండితోనో సరిపోతుంది. పొద్దెక్కినకొద్దీ గాలిలోని ఈస్ట్ పనిచేసి అదే కల్లు పులుస్తుంది, ఘాటెక్కుతుంది. బోటి, తలకాయ కూర లాంటి కొవ్వూ కారం ఉన్న వంటకు ఆ పులుపే జోడీ. నాలుక మీద జిడ్డును అది కడిగేస్తుంది. అయితే ఇదంతా చెట్టు కల్లు సంగతే. పండుగ గిరాకీ చూసి మత్తుమందు కలిపి అమ్మే కల్లుకు ఏ కూరా జోడీ కాదు, అది నేరుగా ఆస్పత్రికి దారి.

ఈ కల్లు గీసే గౌడన్నలు మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కే ముందు కాటమయ్యను తలుచుకుంటారు. వాళ్లు అంతే గట్టిగా తలుచుకునే మనిషి పేరు సర్వాయి పాపన్న. మొగలుల కాలంలో వరంగల్ కోటను కొల్లగొట్టిన గీత కార్మికుడు. విచిత్రం ఏంటంటే.. ఆయన జీవితంలో పెద్ద మలుపులన్నీ పండుగ రాత్రుల్లో, అన్నం గిన్నెల్లో, కల్లు ముంతల దగ్గరే జరిగాయి.

ఇంతకీ ఎవరీ పాపన్న? గౌడ కుటుంబంలో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడని, తల్లి సర్వమ్మ పెంచిందని జానపదులు చెప్తారు. ఏటా ఆగస్టు 18న జయంతి చేస్తారు, పుట్టిన సంవత్సరం 1650 అంటారు. ఆయన అడ్డాలు రెండూ ఇప్పటి జనగామ ప్రాంతంలోనివే. ఒకటి తాటికొండ, పేరులోనే తాడిచెట్టుంది. రెండోది ఖిలాషాపూర్, పాత రాతల్లో షాపూర్.

ఆయన కథ చెప్పేవాళ్లు రెండు రకాలు. జానపదుల కథలో పాపన్న పేదోళ్ల దేవుడు, నిద్రపోతుంటే నాగుపాము పడగ పట్టిన మహారాజు. కల్లు తాగి పైసలు ఎగ్గొట్టే సిపాయిల మీద తిరగబడ్డ మొనగాడు. మొగలుల చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ కథలో మాత్రం పచ్చి దొంగ. ఖాఫీ ఖాన్ దర్బారు పక్షం మనిషి, పాపన్న మీద ప్రేమ ఉండే ప్రశ్నే లేదు. అయినా ఆయన రాసిన కొన్ని సంగతుల్ని పక్కకు నెట్టలేం. భర్త పోయిన సొంత అక్క దగ్గరి సొమ్ము, నగలు లాక్కుని ఆ డబ్బుతోనే మనుషుల్ని కూడగట్టాడన్నది అందులో ఒకటి. ఆడవాళ్లను ఎత్తుకెళ్లాడన్నది ఇంకొకటి. హిందువులు, ముస్లింలు కలిసి ఔరంగజేబుకు ఫిర్యాదు చేసుకునేదాకా వెళ్లింది యవ్వారం.

మొదట్లో హైదరాబాద్ - వరంగల్ బాట మీద దోపిడీలు. ఫౌజ్‌దార్లు, జమీందార్లు తరిమితే కౌలాస్ పారిపోయాడు. ఇప్పటి కామారెడ్డి జిల్లా జుక్కల్ దగ్గరి కోట అది. అక్కడి పాలకుడు వెంకట్రావు దగ్గర కొలువులో చేరాడు. కానీ చేతివాటం మానలేదు, జైల్లో పడ్డాడు. నెలలు గడిచాయి. వెంకట్రావు కొడుక్కి జబ్బు చేస్తే, పుణ్యం వస్తుందని ఆయన భార్య ఖైదీలందర్నీ వదిలేయించింది. వాళ్లలో పాపన్న కూడా ఉన్నాడు. ఆ తల్లి మొక్కు లేకుంటే తర్వాత కథే లేదు.

తిరిగొచ్చి షాపూర్‌లో కోట కట్టాడు. పట్టుకుందామని వచ్చిన కొలనుపాక ఫౌజ్‌దార్ ఖాసిం ఖాన్ పోరులో చచ్చిపోయాడు. హైదరాబాద్ నుంచి రుస్తుం దిల్ ఖానే స్వయంగా దిగి కోటను నేలమట్టం చేశాడు. సైన్యం అటు వెళ్లగానే పాపన్న ఇటొచ్చి మళ్లీ రాయీ సున్నంతో కట్టుకున్నాడు. రెండోసారి వచ్చినప్పుడు రుస్తుం దిల్ ఖాన్ నెలల తరబడి ముట్టడించి, చివరికి డబ్బు తీసుకుని వెనక్కి పోయాడు. సర్కారు అంటే భయం పోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. పాపన్నకు కావాల్సింది అదే సందు. 1708 ఏప్రిల్ 1, పీర్ల పండుగ వేళ. వరంగల్‌లో జనం, కాపలావాళ్లు అంతా పీర్ల దగ్గర ఉన్నారు. 2 నుంచి 3 వేల కాల్బలం, 400 నుంచి 500 గుర్రాలతో పాపన్న మనుషులు నగరం మీద పడ్డారు. రెండు మూడు రోజులు దోపిడీ. నగదు, బట్టలు, వరంగల్ తివాచీలు.. అన్నీ ఎత్తుకుపోయారు. పెద్దింటి మనుషుల్నీ వదల్లేదు, బందీలుగా తోలుకుపోయారు. ఆ సొమ్ముతో రెండు గొట్టాల తుపాకులు కొన్నాడు. రాజులా పల్లకీలో తిరగడం మొదలుపెట్టాడు.

పండుగ రాత్రి మంత్రం ఒకసారి పారింది కదా అని రెండు నెలలకే మళ్లీ ప్రయోగించాడు. ఈసారి భువనగిరి. ప్రవక్త జన్మదినం, కోటలో అందరూ సంబరంలో ఉంటారని లెక్క. చీకట్లో నిచ్చెనలు వేశారు. చప్పుడైంది, కాపలావాళ్లు మేల్కొన్నారు. కోట దక్కలేదు. చుట్టుపక్కల మాత్రం దోచుకుని పోయారు.

పాపన్న దండులో ఎవరెవరున్నారో జానపద కథ లెక్క చెప్తుంది. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, దూదేకుల, ముస్లింలు.. ఊళ్లో ఎవరికీ ముందు వరుసలో చోటు దొరకనివాళ్లంతా అక్కడ ఉన్నారు. భూస్వాములు, వ్యాపారులు ఒక్కటై ఎదురు నిలవడానికి దోపిడీలెంత కారణమో, చెట్టెక్కేవాడు పల్లకీ ఎక్కడం కూడా అంతే కారణం. పాపన్న తానొక రాజునని అనుకున్నాడు, ఆ గుర్తింపే ఎవరూ ఇయ్యలేదు.

ఒక్కసారి మాత్రం దాకా వచ్చింది. 1709 మొదట్లో చక్రవర్తి బహదూర్ షా హైదరాబాద్‌లో దిగాడు. పాపన్న 14 లక్షల రూపాయల కానుకతో దర్బారుకు పోయాడు. ఖిల్లత్తు, అంటే గౌరవ వస్త్రం దక్కింది. కానీ పాపన్న మనుషుల చేతిలో నష్టపోయిన పెద్దలు ఊరుకోలేదు. పేరున్న షేక్ షా ఇనాయత్ ముందుండి చక్రవర్తిని నిలదీశాడు, ఆయన కూతుర్ని కూడా పాపన్న ఎత్తుకెళ్లాడు మరి. దాంతో లెక్క తిరగబడింది. పాపన్నను అణచాలని కొత్త సుబేదార్ యూసుఫ్ ఖాన్‌కు హుకుం వెళ్లింది.

ఇక్కడి నుంచి పాపన్నను కూల్చింది ఫిరంగి కాదు, అన్నం గిన్నె. షాపూర్ కోట చెరలో ఉన్న ఖైదీల్లో ఒక ఫౌజ్‌దార్ ఉన్నాడు. పాపన్న భార్యకు అతను సొంత తమ్ముడు. పాపన్న ఇంకో కోట మీదికి పోయినప్పుడు ఆమె తమ్ముడికి పంపే అన్నంలో ఆకురాళ్లు దాచి పెట్టింది. ఖైదీలు సంకెళ్లు కోసుకున్నారు, కోటను చేతుల్లోకి తీసుకున్నారు. తన కోట తలుపు ముందు తానే శత్రువులా నిలబడాల్సి వచ్చింది పాపన్నకు.

చివరికి తాటికొండకు చేరాడు. యూసుఫ్ ఖాన్ వేల సైన్యంతో చుట్టూ దిగాడు, ముట్టడి నెలలు సాగింది. లోపల తిండి అయిపోతోంది. బయటికొచ్చి చేరితే డబుల్ జీతం అని ఆశ పెట్టడంతో పాపన్న మనుషులు ఒక్కొక్కరే జారిపోయారు. ఓ రాత్రి వేషం మార్చుకుని పాపన్న కూడా ఒంటరిగా జారుకున్నాడు. రెండు రోజుల ప్రయాణం దూరంలోని హసనాబాద్ చేరాడు. నేటి హుస్నాబాదే అదని అక్కడివాళ్లు నమ్ముతారు. 2016 దాకా అది కరీంనగర్ జిల్లానే, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది.

ఆకలి, దప్పిక. కల్లు దుకాణం కనిపించింది. పుట్టిన వృత్తి అది, కల్లు రుచి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మంచి కల్లు కావాలని అడిగాడు. ఆ అడిగిన తీరు, మాట తీరు అమ్మేవాడు పసిగట్టాడు. ఇంకా మంచి కల్లు తెస్తానంటూ కూర్చోబెట్టి, పోయి కబురు చెప్పొచ్చాడు. సిపాయిలతో వచ్చి పట్టుకున్నది ఎవరో కాదు, అన్నంలో ఆకురాయి అందుకున్న ఆ బామ్మర్దే.

1710లో పాపన్నను చంపేశారు. తలను ఢిల్లీ చక్రవర్తికి పంపారు, మొండేన్ని హైదరాబాద్ గుమ్మానికి వేలాడదీశారు. చూసి జనం భయపడాలని. జనం మాత్రం ఆయన మీద కథ కట్టుకున్నారు, ఊరూరా తిప్పారు. 1874 నాటికే ఆ కథ ఓ ఇంగ్లిష్ పత్రికలో అచ్చయింది.

కరీంనగర్ జిల్లా సైదాపూర్ మండలం సర్వాయిపేటలో గుట్ట మీద పాపన్న కోట ఇప్పటికీ ఉంది. హుస్నాబాద్ ఎల్లమ్మ చెరువు కూడా ఆయన తవ్వించిందేనని అక్కడ చెప్పుకుంటారు. కబురు చెప్పిన కల్లు అమ్మే మనిషి ఏ ఊరివాడో, ఏ పేరువాడో మాత్రం ఎవరూ చెప్పుకోరు.